సంస్కృతి అనే మాట: మానవశాస్త్ర పరిభాష – మన ఇండ్లు

మానవుని గురించి చెప్పే శాస్త్రాలు అనేకం ఉన్నవి. చరిత్ర అతని గతాన్ని, అర్థశాస్త్రం అతని సంపాదనను, వైద్యశాస్త్రం అతని దేహాన్ని పరిశీలిస్తాయి. తోటివారితో కలిసి అతడు ఎట్లు జీవిస్తున్నాడు, ఎవరిని బంధువుగా భావిస్తున్నాడు, దేనిని పవిత్రమని, దేనిని నిషిద్ధమని తలుస్తున్నాడు, పుట్టుక, పెండ్లి, చావు అనే ఘట్టాలను ఏ విధంగా జరుపుకొంటున్నాడు అనే విషయాలను చర్చించేది సాంస్కృతిక మానవశాస్త్రం. మన విద్యార్థులలో కొందరు ఈ శాస్త్రాన్ని పోటీ పరీక్షల నిమిత్తం చదువుతున్నారు. నిర్వచనాలను కంఠస్థం చేస్తున్నారు, మార్కులూ సంపాదిస్తున్నారు. అయితే ఆ నిర్వచనాలు తమ గురించీ, తమ ఇరుగుపొరుగు గురించీ చెప్పబడినవన్న స్పృహ చాలమందిలో కనిపించదు. ఈ పరిభాషను మన ఇండ్ల నుంచి, మన రెండు భాషల నుంచి నేర్వనంతవరకు అది మనకు వచ్చినట్లు కాదన్నది నా అభిప్రాయం. అంతకంటె ముఖ్యంగా, ఈ మాటలు తెలియకపోవడం వలన మనుషులకు కలిగిన హాని సామాన్యమైనది కాదు.

ముందుగా సంస్కృతి అనే మాటనే తీసికొందాం. తెలుగులో ‘సంస్కృతి’ అన్నప్పుడు సంస్కరింపబడినది, మెరుగు పెట్టబడినది అనే భావం స్ఫురిస్తుంది. ఉర్దూలో ‘తహజీబ్’ అన్నప్పటికీ అంతే. ఆ అరబ్బీ మాటకు మూలంలో చెట్టు కొమ్మలను కత్తిరించి తీర్చిదిద్దడం అనే భావం ఉన్నది. అందుచేతనే ‘ఫలానా వారు సంస్కారవంతులు’ అనీ, ‘ఫలానా వారికి తహజీబ్ లేదు’ అనీ మనం తేలికగా అనగలుగుతున్నాము. మానవశాస్త్రంలో ఈ వాడుక చెల్లదు. ఆ శాస్త్రం దృష్టిలో సంస్కృతి లేని మానవ సమూహమే లేదు. నల్లమల అడవిలో తేనె తీసే చెంచు కుటుంబానికి ఎంత సంస్కృతి ఉన్నదో, నగరంలో ముషాయిరా వినే కుటుంబానికీ అంతే ఉన్నది. తేనెపట్టును ఏ వేళ కదపవలెనో, అందులో ఎవరి వాటా ఎంతో తెలియడమూ సంస్కృతియే; గజల్ వింటూ ఎక్కడ వాహ్వా అనవలెనో తెలియడమూ సంస్కృతియే.

ఈ శాస్త్రార్థానికి పునాది వేసినవారు ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ టైలర్. 1871లో వెలువడిన ‘ప్రిమిటివ్ కల్చర్’ అనే గ్రంథంలో ఆయన మనిషి విజ్ఞానం, నమ్మకాలు, కళలు, నీతినియమాలు, ఆచారాలు, అలవాట్లు అన్నింటినీ కలిపి సంస్కృతిగా గ్రహించారు. సమాజంలో ఒకడుగా మెలగడం వలననే మనిషి వీటిని పొందుతాడని ప్రతిపాదించారు. ఇందులో కీలకమైనది ‘పొందుతాడు’ అన్నది. సంస్కృతి రక్తంలో రాదు, నేర్చుకొనవలసినది. తెలుగు ఇంట పుట్టిన శిశువును మరునాడే అరబ్బు కుటుంబానికి ఇస్తే ఆ బిడ్డ అరబ్బీలోనే కలలు కంటుంది. అయితే టైలర్ సమాజాలన్నీ ఒకే నిచ్చెన మెట్లు ఎక్కుతున్నాయని, కొందరు కింది మెట్టుపై, కొందరు పై మెట్టుపై ఉన్నారని కూడ భావించారు. ఆ నిచ్చెనను తొలగించి, జాతి వేరు, సంస్కృతి వేరు అని శాస్త్రీయంగా నిలబెట్టినవారిలో ముఖ్యులు, జర్మనీలో జన్మించి అమెరికాలో బోధించిన ఫ్రాంజ్ బోయస్.

అదే 1871లో అమెరికాలో మరొక ఉద్గ్రంథం వెలువడింది. దానితో తెలుగువారికి ప్రత్యక్ష సంబంధం ఉన్నది. న్యాయవాది అయిన లూయీ హెన్రీ మోర్గాన్ ప్రపంచంలోని అనేక జాతుల బంధుత్వ పదాలను సేకరించి పట్టికలుగా ప్రచురించారు. మన దేశంలో ఉన్న క్రైస్తవ మిషనరీల ద్వారా తమిళ, తెలుగు పదాలు కూడ ఆయనకు చేరాయి. తాను ఎరిగిన సెనెకా అనే అమెరికా ఆదివాసుల బంధుపదాల అమరికకూ, మన అమరికకూ గల పోలిక చూచి ఆయన ఆశ్చర్యపోయారు. ఆ పోలికను బట్టి అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చినవారని కూడ వాదించారు. బంధుపదాల పోలిక అటువంటి వలసకు ఋజువు కాజాలదని తరువాతి పండితులు భావించారు. కాని బంధుత్వ అధ్యయనం ఒక శాస్త్రంగా మొదలైన గ్రంథంలోనే మన అత్త, మామ, బావ, మరదలు ఉన్నారన్న సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసు?

ఆ అమరికను ఒకసారి పరిశీలిద్దాం. తెలుగులో తండ్రి సోదరుడు పెదనాన్న లేదా చిన్నాన్న. తల్లి సోదరి పెద్దమ్మ లేదా చిన్నమ్మ. అనగా వారు తండ్రులలో, తల్లులలో చేరినవారు. వారి పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. తల్లి సోదరుడు మాత్రం మామ, తండ్రి సోదరి అత్త. వారి పిల్లలు బావలు, బావమరదులు, వదినెలు, మరదళ్లు. మేనత్త, మేనమామ భార్య, భర్త తల్లి, భార్య తల్లి ఈ అందరికీ ‘అత్త’ అనే ఒక్క మాట సరిపోతున్నది. మేనరికం ఆచారమైన చోట మేనత్తే అత్తగారు కావచ్చును గనుక ఆ మాట ఒక్కటే ఉండడంలో వింత లేదు. మాటలోనే వివాహ నియమం ఇమిడి ఉన్నది.

ఇప్పుడు ఉర్దూ వైపు చూద్దాం. తండ్రి సోదరి ఫూఫీ, తల్లి సోదరి ఖాలా, మేనమామ భార్య ముమానీ, పినతండ్రి భార్య చచీ, అత్తగారు సాస్. తెలుగులో ఒక్క ‘అత్త’ ఉన్న చోట ఇక్కడ వేర్వేరు మాటలు ఉన్నవి. పిల్లల విషయంలో మాత్రం ఇది తారుమారవుతుంది. చచాజాద్, ఫూఫీజాద్, మామూజాద్, ఖాలాజాద్ అని ఏ వైపువారో చెప్పవచ్చును గాని, నలుగురూ పిలుపులో భాయి, బహన్ మాత్రమే. తెలుగు చేసే అన్న–బావ భేదాన్ని ఉర్దూ చేయదు. ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ నాలుగు వైపులవారితోనూ వివాహాన్ని అనుమతిస్తున్నది. ఒక భాష అత్తలను కలిపి పిల్లలను వేరు చేసింది. మరొక భాష అత్తలను వేరు చేసి పిల్లలను కలిపింది. రెండింటికీ తమ తమ తర్కం ఉన్నది.

ఇక్కడనే చిక్కు మొదలవుతుంది. పెదనాన్న కుమార్తెతో పెండ్లి అనగానే తెలుగు హిందూ విద్యార్థి చెవులు మూసుకొంటాడు. ఆమె అతనికి అక్కో చెల్లెలో గనుక. అక్క కూతురిని పెండ్లాడటం తెలుగునాట అనేక కులాలలో ఆచారంగా వచ్చినది. ఆ మాట వినగానే ముస్లిం విద్యార్థి ఉలిక్కిపడతాడు. ఖురాన్ నిసా అధ్యాయం 23వ ఆయతులో నిషిద్ధమైన బంధాలలో సోదరి కుమార్తె స్పష్టంగా చేరి ఉన్నది గనుక. ఈ ఇద్దరి మాటలనూ విన్న ఉత్తర హిందూస్థానపు హిందూ విద్యార్థి, మేనరికమూ వద్దు, అదీ వద్దు అని ఇద్దరినీ వింతగా చూస్తాడు. 1955 నాటి హిందూ వివాహ చట్టం సైతం దగ్గరి బంధువుల వివాహాన్ని నిషేధిస్తూనే, ఆచారం అనుమతించిన చోట మినహాయింపు ఇచ్చింది. ఇక వీరిలో ఎవరు సక్రమం, ఎవరు అక్రమం? శాస్త్రం ఇచ్చే సమాధానం ఒక్కటే. ఎవరి లోపలి తర్కాన్ని వారి వైపు నుంచి చూడవలె.

తన సంస్కృతినే కొలబద్దగా పట్టుకొని ఇతరులను కొలిచే ఈ అలవాటుకు శాస్త్రంలో ‘స్వసంస్కృతి కేంద్రవాదం’ అని పేరు. అమెరికా సమాజశాస్త్రవేత్త విలియం గ్రాహం సమ్నర్ 1906లో ప్రచురించిన గ్రంథం ద్వారా ఈ భావం ప్రచారంలోకి వచ్చింది. కాని ఈ రోగాన్ని గుర్తించడం 1906లో మొదలు కాలేదు. ఇంచుమించు 1030లో అల్ బిరూనీ హిందూదేశం గురించి అరబ్బీలో ఉద్గ్రంథం రచించారు. అందుకొరకు సంస్కృతం అభ్యసించారు. హిందువులు చెప్పేదానిని వారి గ్రంథాల నుంచి, వారి మాటగా చెప్పడమే తన పని అని నియమం పెట్టుకొన్నారు. ఈ దేశస్థులు పరదేశీయులను చులకన చేస్తారని ఫిర్యాదు చేస్తూనే, న్యాయంగా చెప్పవలెనంటే ఈ దోషం తమవారిలోనూ ఉన్నదని, ప్రతి జాతిలోనూ ఉన్నదని ఆయన అంగీకరించారు. మన కళాశాల విద్యార్థులకు స్వసంస్కృతి కేంద్రవాదాన్ని బోధించడానికి ఇంతకంటె మంచి పాఠం మరొకటి దొరకదు.

ఈ దోషం కేవలం మాటలలో ఉండిపోతే అంత ప్రమాదం లేదు. అధికారం చేతికి వచ్చినప్పుడు అది చట్టమవుతుంది. టైలర్, మోర్గాన్‌ల గ్రంథాలు వెలువడిన ఆ 1871లోనే మన దేశంలో బ్రిటిష్ ప్రభుత్వం ‘క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్’ తెచ్చింది. కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించింది. మొదట ఉత్తరాది ప్రాంతాలకు వర్తించిన ఈ చట్టం 1911లో మద్రాసు రాజధానికీ విస్తరించింది. ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకొంటూ, బుట్టలల్లుకొంటూ తిరిగిన ఎరుకలవారు ఆ జాబితాకెక్కారు. వారిని ఒక చోట కట్టడి చేయడానికి నాటి గుంటూరు జిల్లాలో స్టూవర్టుపురం సెటిల్మెంటు ఏర్పడింది. సాల్వేషన్ ఆర్మీ దాని నిర్వహణ చూచింది. సంస్కృతి నేర్చుకొనేది అని ఒక గ్రంథం లండనులో చెబుతున్న ఏడాదే, నేరం రక్తంలో వస్తుందని ఒక చట్టం ఇక్కడ చెప్పింది. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయినది. ఆ సమూహాలను ‘విముక్త జాతులు’ అన్నారు. చట్టం పోయినా మాట పోలేదు. తెలుగు సినిమాలు సైతం ఆ ఊరి పేరును దొంగతనంతో ముడిపెట్టాయి. ఆ ఊరి పిల్లవాడు కళాశాలలో తన ఊరి పేరు చెప్పడానికి సంకోచిస్తే ఆ సంకోచానికి మూలం 1871లో ఉన్నది.

ఇతరుల దోషం ఎత్తి చూపడం సులభం. మన వంతు కూడ చూచుకోవలె. తెలుగు ముస్లింలలో దూదేకులవారు, అనగా నూర్ బాషాలు ఉన్నారు. దూది ఏకడం వారి పరంపరాగత వృత్తి. వారిలో చాలమందికి ఇంటి భాష తెలుగే. ‘ఉర్దూ రాని వాడు ఎటువంటి ముసల్మాను?’ అనే ప్రశ్న వారిని మసీదు మెట్ల మీదను, పెండ్లి పందిళ్లలోను వెంటాడుతూనే ఉన్నది. ఇదే సమయంలో రెండవ వైపు నుంచి ‘సాయిబుకు ఇంత మంచి తెలుగు ఎట్లా వచ్చింది?’ అనే ప్రశ్న. తెలుగు బోధించే ముస్లిం అధ్యాపకులందరమూ ఈ రెండవ ప్రశ్నను మెచ్చుకోలుగా విన్నవారమే. ఈ రెండు ప్రశ్నలూ ఒకే పొరపాటు నుంచి పుట్టినవి. మతం, భాష, సంస్కృతి ఈ మూడూ ఒకటే అన్నది ఆ పొరపాటు. ప్రపంచ ముస్లింలలో అత్యధికుల మాతృభాష అరబ్బీ కాదు, ఉర్దూ కూడ కాదు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా తెలుగులో కావ్యరచన చేశారు. దాని వలన ఆయన మతానికి లోటు రాలేదు, తెలుగుకూ లోటు రాలేదు.

సంస్కృతులు గిరి గీసుకొని కూర్చోవు. ఒకచోట పుట్టిన వస్తువో భావమో మరొకచోటికి చేరడాన్ని ‘సాంస్కృతిక వ్యాప్తి’ అంటారు. చేరినది చేరినట్లుగా ఉండదు. కొత్త అర్థం తొడుగుకొంటుంది. ‘పీర్’ అనగా పారసీకంలో వృద్ధుడు, ఆధ్యాత్మిక గురువు. తెలుగు పల్లెలో ‘పీరు’ అనగా మొహర్రం నాడు పట్టుగుడ్డలు కట్టి ఎత్తే లోహపు ఆలం. పీర్ల పండుగలో హిందువులు పీర్లను ఎత్తుకొనడం, నిప్పుల గుండం తొక్కడం తెలంగాణ, రాయలసీమ పల్లెలలో ప్రసిద్ధమే. అనంతపురం ప్రాంతపు గూగూడులోని ఈ పండుగపై అఫ్సర్ మహమ్మద్ 2013లో ఆంగ్లంలో గ్రంథమే ప్రచురించారు. ఇది శుద్ధమా, కల్తీయా అన్న వాదం ఉండవచ్చు. మతపండితులు దానిని చర్చిస్తారు. మానవశాస్త్రం వేసే ప్రశ్న వేరు. ఊరివారందరూ ఏడాదికొకసారి ఒక గుండం చుట్టూ ఎందుకు చేరుతున్నారు, దాని వలన ఆ ఊరిలో ఏమి నిలుస్తున్నది అన్నదే ఆ ప్రశ్న. ఇక భాష మాట చెప్పనవసరం లేదు. తెలుగువాడు తన ప్రాణంగా భావించే ‘రైతు’ అనే మాట అరబ్బీ ‘రఇయ్యత్’ నుంచి వచ్చింది. అతడు కోరే ‘హక్కు’ కూడ అక్కడిదే.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఒక ఆక్షేపణ రావచ్చును. ఎవరి తర్కం వారికి ఉన్నదంటే, ఇక దేనినీ తప్పు అనకూడదా? ‘సాంస్కృతిక సాపేక్షవాదం’పై ఈ ఆక్షేపణ కొత్తది కాదు. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన సిద్ధమవుతున్న 1947లో అమెరికా మానవశాస్త్ర సంఘం, పాశ్చాత్య విలువలనే సార్వత్రికమని రుద్దరాదని హెచ్చరించింది. ఆ హెచ్చరికపై ఆ శాస్త్రవేత్తలలోనే తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. నా దృష్టిలో సాపేక్షవాదం అర్థం చేసుకొనడానికి పనిముట్టు. అన్యాయాన్ని కప్పిపుచ్చే దుప్పటి కాదు. ఒక ఆచారం ఎందుకు ఉన్నదో తెలిసికొన్న తరువాతనే దానిని మార్చడానికి దారి దొరుకుతుంది. తెలియకుండ తిట్టడం వలన ఆచారం మారదు, మనుషులు మాత్రం దూరమవుతారు.

ఈ సందర్భంలో మరొక జంట పదాలు చెప్పవలె. అవి ‘ఆదర్శ సంస్కృతి’, ‘వాస్తవ సంస్కృతి’. సమాజం తాను ఇట్లా నడుస్తున్నానని చెప్పుకొనేది మొదటిది; నిజంగా నడిచేది రెండవది. నికాహ్‌లో మహర్ వరుడు వధువుకు ఇవ్వవలసినది. ఇది మన ఆదర్శం. దీనిని గురించి మనం గర్వంగా ప్రసంగిస్తాము. కాని హైదరాబాదులోను, ఇతర పట్టణాలలోను ‘జోడే కీ రఖమ్’ పేరిట వధువు తండ్రి నుంచి సొమ్ము తీసికొనడం ఎవరెరుగరు? మహర్ మాటలలో, తరచు బాకీగా ఉండిపోతుంది. జోడే కీ రఖమ్ ముందే చేతిలో పడుతుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం మహర్‌ను కట్నం కాదని సరిగానే మినహాయించింది. జోడే కీ రఖమ్‌కు ఆ మినహాయింపు లేదు. మన కళాశాలలో చదువుతున్న ఆడపిల్లల తండ్రులు ఎందరో ఈ రెంటి మధ్య నలుగుతున్నారు. ‘ఇది మా సంస్కృతి’ అని ఎవరైనా అన్నప్పుడు, ‘ఆదర్శమా, వాస్తవమా?’ అని అడుగగలగడం ఈ శాస్త్రం ఇచ్చే ధైర్యం.

ఈ శాస్త్రంలో ప్రధానమైన పద్ధతి క్షేత్ర పరిశోధన. పోలండులో పుట్టిన మలినోవ్‌స్కీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో న్యూగినీ సమీపపు ట్రోబ్రియాండ్ దీవులలో నివసించి, అక్కడి భాష నేర్చి, వారి మధ్య మెలగి 1922లో ప్రసిద్ధ గ్రంథం ప్రచురించారు. ఆయన మరణానంతరం 1967లో వెలువడిన దినచర్య పుస్తకంలో ఆ దీవివాసులపై ఆయన విసుగు, తూష్ణీభావం కూడ బయటపడినవి. అంతటి పరిశోధకునికే స్వసంస్కృతి కేంద్రవాదం వదలలేదంటే, అది ఎంత మొండి వ్యాధియో గ్రహించవచ్చు. మన దగ్గరకే వస్తే, హైమన్‌డార్ఫ్ నాటి హైదరాబాదు సంస్థానంలోని చెంచులను, రాజగోండులను గురించి 1940లలో రచించారు. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి.దూబే హైదరాబాదు సమీపపు శామీర్‌పేట గ్రామాన్ని పరిశోధించి 1955లో ‘ఇండియన్ విలేజ్’ ప్రచురించారు. హిందువులు, ముస్లింలు కలిసి బ్రతికే మన తెలంగాణ పల్లె ఆ విధంగా ప్రపంచ విద్యార్థులకు పాఠ్యాంశమైనది.

‘పరీక్ష ఆంగ్లంలో రాస్తాము; పదాలు ఆంగ్లంలో వస్తే చాలదా?’ అని విద్యార్థులు అడుగవచ్చును. ఆంగ్లం అవసరమే. కాని ‘కజిన్’ అనే ఆంగ్ల పదం బావనూ అన్ననూ ఒకటే చేస్తుంది. ‘ఆంట్’ అనే పదం ఫూఫీని, ఖాలాను, ముమానీని ఒకటే చేస్తుంది. మన ఇంటి సంగతి ఆ మాటలలో పట్టదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమైనప్పుడు అనువాద విభాగం పండితులు శాస్త్ర పదాలను వేలాదిగా కూర్చారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగులో పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదకోశాలను తెచ్చింది. ఈ రెండు కృషులూ ఒకే నగరంలో జరిగినవి. కాని ఒకదానినొకటి పలకరించుకొన్న సందర్భాలు తక్కువ. రెండు భాషలు ఒకే కప్పు కింద ఉన్న మన కళాశాలకు ఆ పలకరింపును సాధించే అవకాశం ఉన్నది.

కళాశాల పాలక సంఘానికి నా మనవి స్వల్పమైనది. దీనికి పెద్ద ఖర్చు లేదు. కొన్ని నోటు పుస్తకాలు, గ్రంథాలయంలో ఒక అర చాలును. సెలవులకు ఇండ్లకు వెళ్లే విద్యార్థులు తమ ఇంటిలోను, పొరుగు ఇంటిలోను వాడే బంధుత్వ పదాలను, పురుడు, పెండ్లి, చావు సందర్భాలలో వినిపించే మాటలను, ఇంటి వృత్తికి సంబంధించిన పనిముట్ల పేర్లను రాసుకొని రావలె. పెద్దల అనుమతితోనే రాయవలె. ఎవరి గుట్టూ బయట పెట్టకూడదు. దూదేకుల వింటి భాగాల పేర్లు, మగ్గం భాగాల పేర్లు నేడు ముసలివారి నోట మాత్రమే ఉన్నవి. ఈ మాటలకు ఎదురుగా రెండవ భాషలోని మాటను, శాస్త్ర పదాన్ని అధ్యాపకులు చేర్చవలె. ఉర్దూ విభాగమూ తెలుగు విభాగమూ కలిసి ఈ పని చేస్తే, రాబోయే సంచికలో ఒకే పట్టిక రెండు లిపులలో అచ్చు కాగలదు.

విద్యార్థి మిత్రులారా, ఈ పనిలో ఒక్క నియమం పాటించండి. మొదటి నోటు పుస్తకం మీ ఇంటి గురించి కాక, మీ పక్క బెంచీ మిత్రుని ఇంటి గురించి రాయండి. అతని నాయనమ్మను ఏమని పిలువవలెనో ముందు అతనినే అడగండి. ఆమె చెప్పినదానికి మీ తీర్పు జతపరచకుండ, ఆమె మాటలోనే రాసి, తిరిగి ఆమెకు చదివి వినిపించండి. ‘అవును నాయనా, మేము చేసేది ఇదే’ అని ఆమె అన్ననాడు మీకు మానవశాస్త్రంలో తొలి పాఠం వచ్చినట్లు.